నెలకు క్వింటాకు 80 రూపాయలు: రైతు వ్యాపార మదింపు సర్వీసును ఒక పంటకాలం వాడి చూశాక

గత సెప్టెంబరులో మా రైతు ఉత్పత్తిదారుల సంఘం మీటింగులో ఒక కొత్త సర్వీసు గురించి చెప్పారు. సేద్యాన్ని వ్యాపారంగా చూస్తే ఎవరు ఎంత బాగా నడుపుతున్నారో ఒక పంటకాలమంతా వెంట ఉండి కొలుస్తారు, చివర్లో వందకు మార్కులు వేసి రిపోర్టు ఇస్తారు. ఫీజు 1,500 రూపాయలు. సగం సంఘం భరిస్తుంది, సగం మనం కట్టాలి. "మార్కులు తెచ్చుకుని ఏం చేసుకుంటాం" అని చాలామంది లేచిపోయారు. నేను 750 కట్టి పేరు రాయించాను.

ఎందుకు కట్టానో ముందు చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. ఆరెకరాల సొంత నల్లరేగడి, దాన్ని ఆనుకుని మూడెకరాల కౌలు, రెండు గేదెలు. ఏటా శనగే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇన్నేళ్లలో ఏ ఏడాది నిజంగా ఎంత మిగిలిందని అడిగితే నేను చెప్పలేను, మా ఆయనా చెప్పలేరు. బాగా మిగిలిందనుకున్న ఏడాది కూడా నా గొలుసు బ్యాంకులోనే ఉండిపోయింది. అలా ఎందుకు జరుగుతుందో ఎవరైనా కూర్చుని లెక్క తీసి చూపిస్తే చాలనుకున్నాను.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సర్వీసులు ఇప్పుడు రకరకాల పేర్లతో వస్తున్నాయి. మీ ఊరికి ఏది వచ్చినా అందులో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాళ్లు ఇచ్చేవి మూడు. మొదటి రోజు 48 ప్రశ్నల కాగితం. తర్వాత పంటకాలమంతా మనం రాసుకోవాల్సిన ఆకుపచ్చ అట్ట పుస్తకం, దాన్ని చూసి సరిచేయడానికి నాలుగుసార్లు ఇంటికి వచ్చే అమ్మాయి. చివర్లో నాలుగు పేజీల రిపోర్టు.

ప్రశ్నల కాగితంతో మొదలుపెడతాను, ఎందుకంటే రిపోర్టులో మార్కులన్నీ దాని మీదే పడ్డాయి. 48 వాక్యాలు ఉంటాయి. ఒక్కోదానికి పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అసలు ఒప్పుకోను అని ఐదు గడులు. కొత్తదనం, రిస్క్ తీసుకునే ధైర్యం, నిర్ణయం తీసుకోవడం, సమాచారం సంపాదించుకోవడం, నాయకత్వం, సాధించాలన్న పట్టుదల, బయటి ప్రపంచంతో సంబంధం... ఇలా విడగొట్టారు. మా ఇంటికి వచ్చిన అమ్మాయి బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివింది. వ్యవసాయ విస్తరణలో పీజీ చేసేవాళ్లు రైతుల వ్యాపార దక్షతను కొలవడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్న అంశాలే ఇవని చెప్పింది. ఆ అంశాలు తప్పని నేను అనను. వాటిని అడిగిన తీరుతోనే నాకు ఇబ్బంది.

ఒక ప్రశ్న ఇలా ఉంది: "కొత్త రకం విత్తనం వస్తే ఊళ్లో అందరికంటే ముందు నేనే వేస్తాను." నేను "ఒప్పుకోను" అన్నాను. నంద్యాల పరిశోధన స్థానం నుంచి ఎన్‌బీఈజీ 47 అనే శనగ రకం వచ్చింది. మొక్క నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది కాబట్టి మిషన్‌తో కోయొచ్చు. మంచి రకమే. అయినా నేను పక్క ఊరిలో ఒక ఏడాది చూస్తాను, రెండో ఏడాది అర ఎకరంలో వేస్తాను, అప్పుడు గానీ మిగతా పొలానికి పోను. అప్పు తెచ్చి విత్తే మనిషి చేయాల్సింది అదేనని నా నమ్మకం. కాగితం మీద అది "కొత్తదనం తక్కువ" అయింది.

ఇంకొకటి: "నెలకు కనీసం రెండుసార్లు పట్నం వెళ్తాను." నేను ఒంగోలు వెళ్లేది రెండు మూడు నెలలకోసారి. పొద్దున గేదెల పాలు తీయాలి, సాయంత్రం మళ్లీ తీయాలి. మధ్యలో వెళ్లి రావాలంటే బస్సు టైముతో టెన్షన్. కానీ హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి రోజూ వాట్సాప్‌లో శనగ రేట్లు పంపుతాడు. ఊళ్లో చాలామంది మగవాళ్ల కంటే ముందు నాకే తెలుస్తాయి. ఆ ప్రశ్నకు నాకు పడింది ఒక్క మార్కు.

మూడోది అసలైనది: "రేటు తక్కువగా ఉంటే అమ్మకుండా ఆగే ధైర్యం నాకుంది." దీనికి మా ఆయన, నేను ఇద్దరం ఒకేసారి "పూర్తిగా ఒప్పుకుంటాం" అన్నాం. అంతకుముందు మార్చిలోనే మా ఆరెకరాల పంట, 42 క్వింటాళ్ల కాక్ 2 రకం శనగలు, ఒంగోలు దగ్గర కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఉంచాం. కౌలు పొలంలో పండింది మాత్రం కౌలు కట్టడానికి కళ్లంలోనే అమ్మేశాం. ఈ ప్రశ్నకు ఐదుకు ఐదు పడ్డాయి. మా ఆయన ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

ఇక పుస్తకం. ఈ సర్వీసులో డబ్బుకు తగిన విలువ ఇక్కడే ఉంది.

పుస్తకంలో ప్రతి ఎకరాకు ఒక పేజీ. ఎడమ వైపు ఖర్చు, కుడి వైపు రాబడి. ఇంతవరకు అందరికీ తెలిసినదే. కానీ ఖర్చును మూడు మెట్లుగా రాయిస్తారు. మొదటి మెట్టు చేతి నుంచి వెళ్లిన డబ్బు. రెండోది ఇంటి మనుషుల కూలి. మూడోది సొంత భూమికి కౌలు, పెట్టిన సొంత డబ్బుకు వడ్డీ. కేంద్రంలో మద్దతు ధర సిఫారసు చేసే కమిషన్ వేసే లెక్క కూడా ఇదేనట. చేతి ఖర్చును ఏ2 అంటారు, ఇంటి కూలి కలిస్తే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, సొంత భూమి కౌలు, వడ్డీ కూడా కలిస్తే సీ2. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఇస్తున్నాం అని చెప్పేది రెండో మెట్టు మీద. సీ2 మీద ఇవ్వాలని రైతు సంఘాలు అడిగేది అందుకే. పేపర్లో ఎన్నోసార్లు చదివాను గానీ మా పొలం పేజీలో చూసేదాకా నాకు అర్థం కాలేదు.

స్వాతి కార్తెలో విత్తాం. దున్నకం 3,200, విత్తనం 4,050, ఒక బస్తా డీఏపీ 1,350, గొర్రుతో విత్తినందుకు 900, కలుపు 2,400, పచ్చపురుగుకు మూడు మందులు కొట్టిన ఖర్చు 3,000, కోత నూర్పిడి 3,000, బండి కిరాయి 500. మొత్తం ఎకరాకు 18,400. ఏడు క్వింటాళ్లు దిగింది, 6,200 లెక్కన 43,400 వచ్చింది. ఇదివరకైతే ఇక్కడే ఆపేవాళ్లం. ఎకరాకు 25,000 మిగిలింది అని అందరికీ చెప్పుకునేవాళ్లం.

అమ్మాయి ఆపనివ్వలేదు. "అమ్మా, మీరు పొలంలో ఎన్ని రోజులు పనిచేశారు?" అంది. నాకు వెంటనే చెప్పడం రాలేదు. ఇరవై ఆరేళ్లలో ఈ మాట నన్ను అడిగింది ఈ అమ్మాయే. కలుపులో కూలీలతో పాటు వంగాను. శనగ చేలో మంచు ఆరకముందు దిగితే ఆకు మీద పులుపు చేతులకు పట్టి రాత్రిదాకా మండుతాయి, అది తెలిసినవాళ్లకే తెలుసు. కూలీలకు మజ్జిగ మోశాను, కళ్లంలో తూర్పార పట్టాను. పేజీ తిప్పి తిప్పి లెక్కేస్తే ఎకరాకు నావి ఐదున్నర రోజులు, మా ఆయనవి నాలుగు. ఊళ్లో ఆడకూలి 400, మగకూలి 600. రెండూ కలిపి 4,600. పనికి రేటు వేరు ఎందుకని నేను అడిగితే, ఊళ్లో నడిచే రేటే రాయాలమ్మా అంది. నాకు ఇప్పటికీ అది మింగుడు పడలేదు గానీ, అసలు రాశారు, అదే చాలనుకున్నాను.

తర్వాత సొంత భూమి. పక్కన మేము కౌలుకు తీసుకున్న దానికి ఎకరాకు 14,000 కడుతున్నాం. మా పొలం ఇంకొకరికి ఇస్తే మాకూ అదే వచ్చేది. పెట్టుబడి మీద వడ్డీ 900. ఈ రెండూ కలిపితే ఎకరా మొత్తం ఖర్చు 37,900. మిగిలింది 5,500.

అంటే 25,000 అనుకున్నది 5,500. క్వింటా శనగలు పండించడానికి ఇంటి కూలితో కలిపి మాకు 3,286 రూపాయలు పడింది, భూమి కౌలు, వడ్డీ కలిపితే 5,414. శనగకు 2025-26 మార్కెటింగ్ సీజన్ మద్దతు ధర 5,650. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నా గొలుసు బ్యాంకు నుంచి ఎందుకు రాలేదో తెలిసింది. మేము ఇన్నాళ్లూ లాభం అని తిన్నది మా కూలీ, మా భూమి కౌలే.

ఫిబ్రవరిలో వచ్చినప్పుడు అమ్మాయి కోల్డ్ స్టోరేజీ బాండు, అంటే సరుకు పెట్టినందుకు వాళ్లిచ్చిన రసీదు, అడిగింది. పుస్తకం చివర్లో "నిల్వ పెట్టిన సరుకు" అని ఒక పేజీ ఉంటుంది. మా ప్రాంతంలో ఈ పేజీ ప్రతి ఇంటికీ కావాలి. శనగ రైతుకు కోల్డ్ స్టోరేజీ అంటే ఒక ఆశ. కళ్లంలో అడిగిన రేటు నచ్చదు. పెట్టేద్దాం, పెరుగుతుంది అంటారు. ఏళ్ల తరబడి పెట్టి ఉంచినవాళ్లు కూడా మాకు తెలుసు. పెరిగిన రోజు అందరికీ చెప్తాం, పెరగని ఏళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

మా సరుకు పెట్టేటప్పుడు కళ్లంలో అడిగిన రేటు 6,000. ఆ డబ్బు అప్పుడే చేతికొచ్చి ఉంటే నూటికి రూపాయి వడ్డీ అప్పు తీర్చేవాళ్లం. అంటే సరుకు అక్కడ ఉన్న ప్రతి నెలా క్వింటాకు 60 రూపాయల వడ్డీ. దాని మీద స్టోరేజీ అద్దె, ఎక్కించి దించిన హమాలీ, తూకంలో తగ్గేది. అన్నీ పరిచి నెలలతో భాగిస్తే నెలకు క్వింటాకు 80 రూపాయలు. ఒక నెల ఆగాలంటే రేటు 80 పెరగాలి. ఆరు నెలలు ఆగాలంటే 480. అంతకు తక్కువ పెరిగితే, పెరిగినా నష్టమే.

ఈ ఒక్క అంకె కోసం నేను 750 కాదు, 1,500 కూడా ఇస్తాను. ఈ లెక్క వేసుకోవడం మాకు రాక కాదు. అద్దె కట్టేది చివర్లో, వడ్డీ కట్టేది వేరే చోట, హమాలీ ఇచ్చేది ఎవరి జేబులోంచో. అన్నీ ఒక కాగితం మీదకు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నాం, కొత్త పంటను కళ్లంలోనే 6,200కు ఇచ్చేశాం. పాతది మాత్రం మా ఆయన మనసు ఒప్పలేదు. ఇంకో రెండు నెలలు చూద్దాం అన్నారు. మేలో 6,450కి అమ్మాం. అడిగిన రేటు కంటే 450 ఎక్కువ. 14 నెలల ఖర్చు 1,120. క్వింటాకు 670 పోయింది, 42 క్వింటాళ్లకు 28,140. మా ఆయన ఆ పేజీని రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. సాయంత్రం పొలం వైపు వెళ్లి చీకటి పడ్డాక వచ్చారు. ఆయన్ను నేను తప్పు పట్టడం లేదు, ఆ నిర్ణయం ఇద్దరిదీ. మొదట ఆగుదాం అన్నది నేనే.

జూన్‌లో రిపోర్టు వచ్చింది. మొదటి పేజీలో "రిస్క్ తీసుకునే ధైర్యం: 5కు 5, మీ బలం" అని ఉంది. మూడో పేజీలో నిల్వ సరుకు మీద 28,140 నష్టం అని ఉంది. రెండూ ఒకే కాగితాల కట్టలో, ఒకే పిన్ను కింద. రెండింటికీ సంబంధం ఉందని రాసినవాళ్లెవరూ గమనించలేదు. ఈ సర్వీసులో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. ప్రశ్నల కాగితం మనిషి ఏమనుకుంటున్నాడో కొలుస్తుంది, పుస్తకం ఏం జరిగిందో కొలుస్తుంది. మార్కులు మాత్రం మొదటిదాని నుంచే వేశారు. మమ్మల్ని నష్టపెట్టిన అలవాటునే మెచ్చుకుంటూ కాగితం ఇస్తే, వచ్చే ఏడాది రైతు ఇంకా ధైర్యంగా అదే పని చేస్తాడు.

మొత్తం మీద నాకు వందకు 64, "మధ్య స్థాయి" అని పడింది. ఆ స్థాయి ఎలా తేల్చారో కూడా చెప్పాలి, చాలామంది అడగరు. మా సంఘంలో చేరిన 60 మంది మార్కులకు సగటు 61 వచ్చింది. దానికి పైన 11, కింద 11 గీత గీశారు. 50 లోపు "తక్కువ", 72 పైన "ఎక్కువ", మిగతా అందరూ "మధ్య". అమ్మాయిని అడిగితే దీన్ని సగటు, ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకు ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే అంకె, ఇక్కడ 11) పద్ధతి అంటారని, చదువుల్లో ఎక్కువగా ఇదే వాడతారని చెప్పింది. ఇంటర్‌లో కామర్స్ చదివాను కాబట్టి కొంత అర్థమైంది. మార్కులు మామూలుగా పరుచుకుంటే ఈ పద్ధతిలో ఎప్పుడూ మూడింట రెండు వంతుల మంది మధ్యలోనే పడతారు. ఊరంతా నష్టపోయిన ఏడాది కూడా కొందరు "ఎక్కువ స్థాయి" అవుతారు. అందరూ బాగుపడిన ఏడాది కూడా కొందరు "తక్కువ" అవుతారు. అది నన్ను పక్కింటివాళ్లతో పోల్చింది, నా ఖర్చుతో పోల్చలేదు. నాకు కావాల్సింది క్వింటా నాకు ఎంతకు పడింది, ఎంతకు అమ్మాను అనే పోలిక.

గేదెల సంగతి కూడా రిపోర్టులో మార్కుల దాకా రాలేదు. ప్రధాన పంటకే మార్కులట. దేశమంతటా 2018-19 వ్యవసాయ సంవత్సరానికి చేసిన జాతీయ సర్వేలో సేద్యం చేసే ఇంటి నెల రాబడి సగటున 10,218 రూపాయలైతే, అందులో కూలి జీతాల నుంచి వచ్చింది 4,063, పంట నుంచి వచ్చింది 3,798. రైతు ఇల్లు పంట ఒక్కదాని మీద నడవడం లేదని సర్కారు లెక్కే చెప్తోంది. అలాంటప్పుడు ఇంటిని పంటతో మాత్రమే ఎలా కొలుస్తారు? పుస్తకంలో ఖాళీ పేజీలు ఉంటే నేనే అమ్మాయిని అడిగి పాల లెక్క రాశాను. పది రోజుల పాల బిల్లు 3,900, దాణా, గడ్డి 2,100, మిగిలేది 1,800. రోజుకు 180. దానికి నేను పెట్టేది రోజుకు నాలుగు గంటలు. అదే సగం రోజు కూలికి పోతే 200 వస్తాయి. అంకెల ప్రకారం చూస్తే గేదెలు అమ్మేయాలి. నేను అమ్మను. ఆ 1,800 పది రోజులకోసారి నా చేతికే వస్తాయి, ఇంట్లోకి పాలు పెరుగు మిగులుతాయి, పేడ పొలానికి పోతుంది. శనగ డబ్బు ఏడాదికోసారి వచ్చి అప్పు వాళ్ల దగ్గరికే పోతుంది. అయినా ఆ 180 అంకె తెలిశాక మూడో గేదె కొనాలన్న ఆలోచన మానుకున్నాను.

నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర మా చెల్లెలి వాళ్లది వరి. వాళ్ల సంఘంలో కూడా ఇదే సర్వీసు తీసుకున్నారు. వాళ్లకు జరిగింది కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడ లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

నెల్లూరు వైపు ధాన్యం లెక్క పుట్లలో. పుట్టి అంటే 850 కిలోలు. పుస్తకంలో క్వింటాళ్ల గడులే ఉన్నాయి, సరే, దాన్ని మార్చుకున్నారు. 2024-25కు ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,320, అంటే పుట్టికి 19,720. మా మరిదికి కళ్లంలో వచ్చింది పుట్టికి 17,000. అదైనా 850 కిలోలకు కాదు. తేమ, తాలు అంటూ తరుగు కింద పుట్టికి 900 కిలోలు తూచుకున్నారు. కాగితం మీద క్వింటా 2,000 పడినట్టు కనిపిస్తుంది. నిజంగా పడింది 1,889. పుస్తకంలో తరుగుకు గడి లేదు. మా చెల్లి రాసుకోకపోతే ఆ 50 కిలోలు ఎక్కడా కనిపించేవి కావు.

మార్కుల్లో "మార్కెట్ దృష్టి" కింద మా మరిదికి ఐదుకు రెండు వేశారు. ఏటా ఒకే దళారికి అమ్ముతున్నాడు, వేరే చోట రేటు కనుక్కోవడం లేదు అని. ఆయనకు రేట్లు తెలియక కాదు. నాట్లప్పుడు ఎరువుకు, కూలీలకు డబ్బు ఇచ్చేది ఆ దళారే. పొలం సగానికి పైగా కౌలు. బ్యాంకులో పంట రుణం సకాలంలో తీర్చేవాళ్లకు వడ్డీ రాయితీ పోగా 4 శాతానికే పడుతుంది, కానీ ఆయన పేరున ఉన్న కొద్ది భూమికి వచ్చే అప్పు మొత్తం సేద్యానికి చాలదు. పెట్టుబడి ఇచ్చినవాడికే ధాన్యం ఇవ్వాలి. అది మనిషి తెలివికి సంబంధించిన విషయం కాదు, అప్పుకు సంబంధించినది. "ఈ నిర్ణయం మీ చేతిలో ఉందా?" అన్న ప్రశ్న 48లో ఒక్కటైనా లేదు. మా చెల్లి ఫోన్లో "అక్కా, డబ్బులు కట్టి మరీ మాట పడ్డాం" అని బాధపడింది. ఆ బాధ న్యాయమైనదే.

పొగాకు రైతులకు ఈ పుస్తకం అంతగా అవసరం పడలేదని మా సంఘంలోనే విన్నాను. కొండపి, టంగుటూరు వైపు వేలం కేంద్రాల్లో ప్రతి బేలు బరువు, గ్రేడు, రేటు కాగితం మీద ఉంటాయి. రాబడి లెక్క ముందే చేతిలో ఉంది. వాళ్లు ఆకు ఎండబెట్టే బ్యారన్‌కు కట్టెల ఖర్చు, కూలీ కలుపుకుంటే సరిపోతుంది. శనగ, వరి వాళ్లకే అంతా నోటి లెక్క.

సర్వీసు నడిచిన తీరు: అమ్మాయి బాగా చేసింది. ఓపిక ఉంది, మా ముందు కూర్చుని లెక్కలు మళ్లీ మళ్లీ వేసింది, మాట తొందరపడలేదు. మూడో రాక మాత్రం 22 రోజులు ఆలస్యమైంది, ఒక్కరికే చాలా ఊళ్లు అప్పజెప్పారు. ఫోన్లో రాసుకునే యాప్ కూడా ఇచ్చారు గానీ పొలంలో సిగ్నల్ లేకపోతే పనిచేయదు, మందుల పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రెండో వారానికే దాన్ని వదిలేసి పుస్తకంలోనే రాశాను.

ఇంకొకటి నన్ను చాలా బాధపెట్టింది. ఫీజు కట్టింది నేను, ప్రశ్నలకు ఎక్కువ జవాబులు చెప్పింది నేను, పుస్తకంలో ప్రతి అంకె నా చేతిరాత. రిపోర్టు మా ఆయన పేరు మీద వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరున ఉంది కాబట్టి అలాగే వస్తుందన్నారు. మా ఆయనే ఫోన్ చేసి "లెక్క రాసింది ఆమె, పేరు ఆమెది వేయండి" అని చెప్పారు. మూడు వారాల తర్వాత సరిచేసి పంపారు. చేలలో సగం పని ఆడవాళ్లే చేసే చోట, రైతు వ్యాపారాన్ని కొలవడానికి వచ్చినవాళ్లకు ఇది ఒకరు అడిగితే గానీ తట్టదా?

నా మార్కులు అడిగితే, ఆకుపచ్చ పుస్తకానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తరుగుకు గడి, పాలకు పేజీ పెడితే ఐదూ ఇస్తాను. ఇంటికి వచ్చే మనిషికి నాలుగు. ప్రశ్నల కాగితానికి, దాని మీద వేసిన మార్కులకు ఐదుకు రెండు. ఆ రెండు కూడా ఒక ప్రశ్న వల్ల: "పంట మొదలుపెట్టే ముందే ఎంతకు అమ్మితే గిట్టుబాటు అవుతుందో నాకు తెలుసు." దానికి మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని "చెప్పలేం" అన్నాం. అది నిజమైన ప్రశ్న. 48లో అలాంటివి 20 ఉంటే ఈ సర్వీసు ఊరూరా ఉండాలని నేనే అడుగుతాను.

మీ సంఘంలోకి వస్తే డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి. మార్కులు లెక్క పుస్తకం నుంచి వేస్తారా, మాటల నుంచి వేస్తారా? మిమ్మల్ని మీ పాత ఏడాదితో పోలుస్తారా, పక్కవాళ్లతోనా? రిపోర్టు ఎవరి పేరున వస్తుంది? వచ్చే పంటకు పుస్తకం, రెండు రాకపోకలు మాత్రం చాలు, మార్కులు వద్దని మా సంఘం వాళ్లకు చెప్పాను. అలా విడిగా ఇవ్వడం కుదరదన్నారు, మళ్లీ అడుగుతామన్నారు.

నేను అంతదాకా ఆగలేదు. పోయిన వారం ఒంగోలు వెళ్లినప్పుడు రెండు పెద్ద రిజిస్టర్లు కొన్నాను. ఆకుపచ్చ పుస్తకం చూస్తూ గీతలు గీశాను. చెల్లికి పంపేదాంట్లో తరుగు గడి, పెట్టుబడి ఎవరిచ్చారన్న గడి కలిపాను. మా దాంట్లో నిల్వ సరుకు పేజీని వెనక నుంచి ముందుకు తెచ్చి, పైన ఎర్ర ఇంకుతో "నెలకు క్వింటాకు ఎంత?" అని రాశాను. రేటు, వడ్డీ మారినప్పుడల్లా ఆ 80 కూడా మారుతుంది, మళ్లీ లెక్కేసుకోవాలి. అట్ట మీద పేరు దగ్గర మా ఆయన తన పేరు రాసి నాకిచ్చారు. పక్కన నాదీ రాశాను.